90 గెలుపులు, మూడు గతులు: సియాటిల్ మారినర్స్ ప్లేఆఫ్ అవకాశాలు ఏ లెక్కన తేలుతున్నాయి?

సంక్షిప్తంగా

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో సియాటిల్ మారినర్స్ జట్టు 2021, 2022, 2025 సీజన్లలో సరిగ్గా 90 ఆటలే గెలిచింది. మొదటిసారి ప్లేఆఫ్స్‌కు చేరలేదు. రెండోసారి వైల్డ్ కార్డ్ (డివిజన్ గెలవని జట్లకు మిగిలే ప్రవేశం) దారిన చేరింది. మూడోసారి తన డివిజన్ (ఐదు జట్ల విభాగం) విజేతగా నిలిచి, టైటిల్ కోసం జరిగే చివరి పోరు వరల్డ్ సిరీస్‌కు ఎనిమిది ఔట్ల దూరం దాకా వెళ్ళింది. పోటీ జట్ల బలం, పరుగుల తేడా, జట్టు కూర్పులో లోతు, అక్టోబర్‌లో పిచ్చర్ల (బంతి విసిరేవారి) అలసట ఈ తేడాను ఎలా తెచ్చాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఒక జట్టు ప్లేఆఫ్స్‌కు చేరుతుందా లేదా అన్న ప్రశ్న రాగానే అందరి చూపూ గెలుపుల పట్టిక మీదికే పోతుంది. ఎన్ని గెలిచింది, ఇంకా ఎన్ని గెలవాలి అన్న కూడికలతోనే ఆగస్టు, సెప్టెంబర్ నెలలు గడిచిపోతాయి. కానీ ఆ సంఖ్య ఒక్కటే పట్టుకుంటే మారినర్స్ కథ అర్థం కాదు. 90 గెలుపులు, 72 ఓటములు అన్న ఒకే లెక్క మూడు సీజన్లలో మూడు వేర్వేరు చోట్లకు చేర్చింది. ఇదే డివిజన్‌లోని టెక్సాస్ రేంజర్స్‌ను కూడా కలుపుకుంటే నాలుగో గతి కనబడుతుంది: 2023లో ఆ జట్టు సరిగ్గా 90 ఆటలు గెలిచి, వైల్డ్ కార్డ్‌తో లోపలికి వచ్చి, ఏకంగా వరల్డ్ సిరీస్‌నే గెలుచుకుంది.

ఇలాంటి అనుభవం హైదరాబాద్ క్రికెట్ అభిమానులకు కొత్త కాదు. 2019 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ 12 పాయింట్లతోనే నాలుగో స్థానం దక్కించుకుంది. అవే 12 పాయింట్లున్న కోల్‌కతా, పంజాబ్ జట్లు నెట్ రన్ రేట్ చాలక ఇంటిదారి పట్టాయి. 2024లో నాలుగు జట్లు 14 పాయింట్ల దగ్గర ఆగితే బెంగళూరు ఒక్కటే ముందుకు వెళ్ళింది. కావలసిన పాయింట్లు ఎన్ని అన్నది ఏ ఏటికి ఆ ఏడే మిగతా జట్లు తేలుస్తాయి. బేస్‌బాల్‌లో కూడా జరిగేది అదే. కాకపోతే 14 ఆటల చోట 162 ఆటలు ఉంటాయి కనుక తీర్పు నెమ్మదిగా, ఆరు నెలల పాటు రోజుకింత చొప్పున వస్తుంది. ఐపీఎల్‌లో ఒక్క ఆట బరువు బేస్‌బాల్‌లో దాదాపు పదకొండున్నర ఆటల బరువుతో సమానం.

సియాటిల్ చుట్టుపక్కల బెల్‌వ్యూ, రెడ్‌మండ్, సమామిష్ వంటి ఊళ్ళలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి బడిపిల్లలకు మారినర్స్ తారలు ఇచిరో, హూలియో పేర్లు కోహ్లీ పేరంత దగ్గరివి. 2025 అక్టోబర్‌లో ఆ ఇళ్ళలో చర్చకు వచ్చిన ప్రశ్నలకే ఇక్కడ సమాధానం వెతకడం జరుగుతోంది.

వాకిలి ఎంత వెడల్పు?

మేజర్ లీగ్‌లో 30 జట్లున్నాయి. అమెరికన్ లీగ్‌లో 15, నేషనల్ లీగ్‌లో 15. ఒక్కో లీగ్‌లో మూడు డివిజన్లు, ఒక్కో డివిజన్‌లో ఐదేసి జట్లు. 2022 నుంచి అమల్లో ఉన్న పద్ధతి ప్రకారం ఒక్కో లీగ్ నుంచి ఆరు జట్లు ప్లేఆఫ్స్‌కు వెళతాయి: మూడు డివిజన్ల విజేతలు, వారి తరవాత ఎక్కువ గెలుపులున్న మరో మూడు జట్లు. ఈ రెండో వర్గాన్నే వైల్డ్ కార్డ్ అంటారు. అంతకు ముందు రెండు వైల్డ్ కార్డులే ఉండేవి.

డివిజన్ విజేతల్లో మొదటి రెండు జట్లకు తొలి రౌండ్ ఆడే పని లేదు. మిగతా నాలుగు జట్లు మూడు ఆటల సిరీస్ ఆడాలి, ఆ మూడూ పైస్థానంలో ఉన్న జట్టు సొంత మైదానంలోనే జరుగుతాయి. తరవాత ఐదు ఆటల డివిజన్ సిరీస్, ఏడు ఆటల లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్, ఆపైన ఏడు ఆటల వరల్డ్ సిరీస్. ప్రతి సిరీస్‌నూ బొమ్మాబొరుసుగా లెక్కవేసినా, నాలుగు రౌండ్లు గెలవాల్సిన జట్టుకు టైటిల్ అవకాశం పదహారింట ఒక వంతు, మూడు రౌండ్లే ఆడే జట్టుకు ఎనిమిదింట ఒక వంతు. తొలి రౌండ్ తప్పించుకుంటేనే అవకాశం రెట్టింపవుతుంది. పైగా నాలుగైదు రోజుల విరామంలో పిచ్చర్ల చేతులు సేద తీరతాయి.

గెలుపులు సమానమైతే అదనపు ఆట పెట్టే పాత ఆచారాన్ని కూడా 2022లోనే తీసేశారు. ఇప్పుడు ముందు చూసేది ఆ రెండు జట్లు పరస్పరం ఆడిన ఆటల్లో ఎవరిది పైచేయి అన్నదే. 2025లో డెట్రాయిట్, హ్యూస్టన్ చెరి 87 ఆటలు గెలిచాయి. ఈ నియమం వల్ల డెట్రాయిట్ లోపలికి వెళ్ళింది, హ్యూస్టన్ బయట మిగిలింది. అదే ఏడు నేషనల్ లీగ్‌లో సిన్సినాటి 83 గెలుపులతో ప్రవేశించింది, అన్నే గెలిచిన న్యూయార్క్ మెట్స్ ఇంటికి వెళ్ళింది.

పొరుగు జట్ల లెక్క

మొదటి 90 గెలుపుల కథ 2021ది. ఆ ఏడు అమెరికన్ లీగ్ తూర్పు డివిజన్ అసాధారణంగా బలంగా ఉంది. బోస్టన్, న్యూయార్క్ యాంకీస్ చెరి 92, టొరంటో 91 గెలిచాయి. రెండు వైల్డ్ కార్డులు 92 దగ్గరే అయిపోయాయి. ఇప్పటిలా మూడు స్థానాలు ఉండి ఉంటే సియాటిల్ చేరేదన్న మాట తరచుగా వినబడుతుంది గాని అది నిజం కాదు, మూడోది టొరంటోకు దక్కేది. అంటే వాకిలి ఇరుకు కావడం కన్నా ముందు నిలబడ్డవారు ఎక్కువ కావడమే అసలు కారణం.

2022లో లెక్క తిరగబడింది. టొరంటో 92 గెలిచి మొదటి వైల్డ్ కార్డ్, సియాటిల్ 90తో రెండోది, టంపా బే 86తో మూడోది తీసుకున్నాయి. పాత పద్ధతిలోనైనా ఆ ఏడు సియాటిల్ చేరేదే. 2001 తరవాత ప్లేఆఫ్స్ మొహం చూడని జట్టు, ఉత్తర అమెరికా నాలుగు పెద్ద క్రీడల్లోనూ అన్నింటికన్నా పొడవైన ఎదురుచూపును మోస్తున్న జట్టు, 21 ఏళ్ళ తరవాత ఆ గడప దాటింది. దాటిన తీరు కూడా మరుపుకు రానిది. సెప్టెంబర్ 30న ఓక్లండ్‌తో ఆట 1-1గా ఉంది. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ కింది భాగంలో, అంటే సొంత జట్టు బ్యాటింగ్ వంతులో, ఇద్దరు ఔటయ్యారు. ఇంకొకరి బదులు బ్యాటింగ్‌కు పంపిన యువ క్యాచర్ కాల్ రాలీ మీద మూడు బాళ్ళు (సరైన చోటికి రాని బంతులు), రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడో స్ట్రైక్ పడితే ఔటే. తరవాతి బంతిని అతడు కుడివైపు గోడ దాటించాడు. దీన్నే హోమ్ రన్ అంటారు.

2025లో డివిజన్‌లోనే పోటీ పలచబడింది. 2022లో 106 ఆటలు గెలిచిన హ్యూస్టన్ ఈసారి 87 దగ్గర ఆగింది, టెక్సాస్ 81తో సరిపెట్టుకుంది. అందువల్ల 90 గెలుపులు వైల్డ్ కార్డ్‌కే కాక డివిజన్ టైటిల్‌కూ సరిపోయాయి, రెండో స్థానం దక్కి తొలి రౌండ్ కూడా తప్పింది. 2001 తరవాత సియాటిల్‌కు ఇదే తొలి డివిజన్ టైటిల్. సెప్టెంబర్ 19 నుంచి 21 వరకు హ్యూస్టన్ వెళ్ళి మూడుకు మూడు గెలవడంతో పోటీ దాదాపు తేలిపోయింది. ఒకే డివిజన్ జట్ల మధ్య ఆట అంటే ఒకరి గెలుపు రెండోవారి ఓటమి కూడా కనుక ప్రతిసారీ రెండు జట్ల మధ్య దూరం ఒక పూర్తి ఆట మారుతుంది. 2023 నుంచి అలాంటి ఆటలు ఒక్కో జట్టుతో 19 నుంచి 13కు తగ్గాయి. పరస్పర ఫలితాల లెక్కలో మిగిలిన 13లో ఒక్కొక్కదాని విలువ ఆ మేరకు పెరిగింది.

అమెరికన్ లీగ్‌లో చివరి వైల్డ్ కార్డ్ గెలుపులు వరసగా 2022లో 86, 2023లో 89, 2024లో 86, 2025లో 87. ఈ నాలుగంకెల పక్కన సియాటిల్ అంకెలు పెడితే బాధ ఎక్కడుందో కనబడుతుంది: 2023లో 88, 2024లో 85. రెండేళ్ళు వరసగా ఒకే ఒక్క ఆట తక్కువైంది. 2023 సీజన్ ముగిశాక జట్టు బేస్‌బాల్ వ్యవహారాల అధిపతి జెర్రీ డిపోటో, పదేళ్ళ పాటు ఏటా 54 శాతం ఆటలు గెలిచే జట్టుకు వరల్డ్ సిరీస్ అవకాశం బాగా ఉంటుందన్న అర్థంలో మాట్లాడినప్పుడు అభిమానులు తీవ్రంగా స్పందించారు. 162లో 54 శాతం అంటే 87 చిల్లర. గణితంగా ఆ మాటలో తప్పు లేదు. కానీ 87 అన్నది సరిగ్గా గీత మీద నిలబడ్డ అంకె. ఒక ఏడు లోపలికి, ఒక ఏడు బయటికి తోసే అంకె. గీత మీద జట్టును కట్టుకుంటూ పోతే ఎదురుచూపు పొడుగవుతుందన్న అభిమానుల అభ్యంతరంలో న్యాయం ఉంది.

పరుగుల తేడా ఏం చెబుతుంది?

గెలుపుల్లో అదృష్టం పాలు ఎంతో అంచనా వేయడానికి విశ్లేషకులు వాడే పాత పనిముట్టు పరుగుల తేడా. సీజన్ మొత్తంలో చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే ఆ జట్టు మామూలుగా గెలవాల్సిన ఆటల నిష్పత్తి వస్తుంది. బిల్ జేమ్స్ ప్రచారంలోకి తెచ్చిన ఈ సూత్రం ఏ ఒక్క ఏడాదినీ సరిగ్గా చెప్పకపోయినా, దీర్ఘకాలంలో గెలుపుల పట్టిక కన్నా నమ్మదగింది. దాదాపు పది పరుగుల తేడా ఒక గెలుపుతో సమానమన్నది వాడుకలో ఉన్న లెక్క.

2021లో సియాటిల్ 697 పరుగులు చేసి 748 ఇచ్చింది. అంటే 51 పరుగులు వెనకబడి కూడా 90 ఆటలు గెలిచింది. సూత్రం ప్రకారం ఆ జట్టుకు రావలసినవి 75 లేదా 76. ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటల్లో 33 గెలిచి 19 ఓడటం వల్ల ఆ అదనపు గెలుపులు వచ్చాయి. గెలిచినప్పుడు ఒక పరుగుతో గెలవడం, ఓడినప్పుడు ఏడెనిమిది పరుగులతో ఓడటం అన్నమాట. చివరి ఇన్నింగ్స్‌లు చూసుకునే పిచ్చర్లు బాగా రాణించిన ఏడు అలా జరుగుతుంది గాని, మరుసటి ఏడు కూడా జరుగుతుందని నమ్మకం పెట్టుకోలేం.

2023లో పరిస్థితి దీనికి పూర్తిగా ఎదురు. 758 చేసి 659 ఇచ్చిన ఆ జట్టు 99 పరుగులు మిగుల్చుకుంది. సూత్రం 92 గెలుపులు ఇవ్వాలంటుంది, వచ్చినవి 88. 2024లో 676 చేసి 607 ఇచ్చింది. తేడా 69, రావలసినవి దాదాపు 90, వచ్చినవి 85. 2025లో 766 చేసి 694 ఇచ్చింది. తేడా 72, రావలసినవి 89, వచ్చినవి 90.

ఈ చివరి రెండు సీజన్లను పక్కపక్కన పెట్టి చూడాలి. 2024 జట్టుకూ 2025 జట్టుకూ పరుగుల తేడాలో ఉన్న దూరం మూడంటే మూడు పరుగులు. మొదటిది ప్లేఆఫ్స్‌కు ఒక ఆట దూరంలో ఆగిపోయి, మధ్యలో మేనేజర్ (మైదానంలో జట్టును నడిపే కోచ్) స్కాట్ సెర్విస్ ఉద్యోగం కూడా పోయి, విఫలమైన జట్టుగా పేరు తెచ్చుకుంది. రెండోది చరిత్రలో నిలిచింది. అయిదేళ్ళలో అన్నింటికన్నా ఎక్కువ పరుగులు మిగుల్చుకున్న 2023 జట్టును ఇప్పుడు ఎవరూ తలవడం లేదు. 2025 విజయాన్ని ఒక్కసారిగా వచ్చిన మార్పుగా చూడటం సరికాదు. నాలుగేళ్ళుగా దాదాపు ఒకే స్థాయిలో ఉన్న జట్టుకు ఆ స్థాయికి తగ్గ ఫలితం ఆ ఏడు దక్కింది.

పిచ్చర్ల మీద కట్టిన జట్టు

అయితే పరుగుల తేడా ఒకటే అయినా, ఆ తేడా వచ్చిన దారి మారింది. జట్టు కూర్పు గురించిన అసలు చర్చ ఇక్కడ మొదలవుతుంది.

బేస్‌బాల్‌లో ఆట మొదలుపెట్టే పిచ్చర్‌ను స్టార్టర్ అంటారు. ఒకసారి వంద బంతుల దాకా వేస్తే నాలుగైదు రోజులు విశ్రాంతి కావాలి కనుక ప్రతి జట్టూ ఐదుగురు స్టార్టర్లను వరసగా తిప్పుతుంది. సియాటిల్ దశాబ్దపు ప్రణాళిక ఈ ఐదుగురి చుట్టూ అల్లుకున్నదే. లోగన్ గిల్బర్ట్‌ను 2018 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం), జార్జ్ కర్బీని 2019లో తొలి రౌండ్‌లోనే తీసుకున్నారు. బ్రైస్ మిల్లర్ 2021 నాలుగో రౌండ్‌లో, బ్రయన్ వూ అదే ఏడు ఆరో రౌండ్‌లో దొరికారు. లూయిస్ కస్తీయోను 2022 జూలైలో సిన్సినాటి నుంచి తెచ్చుకున్నారు. 2024లో ఈ స్టార్టర్ల బృందం తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 3.38 పరుగులే ఇచ్చింది. లీగ్‌లో అంత నిలకడైన వరస మరో జట్టుకు లేదు.

అంత మంచి బౌలింగ్ ఉండి కూడా 85 దగ్గర ఆగడానికి కారణం బ్యాటింగ్. 2024లో జట్టు బ్యాటింగ్ సగటు .224 (వెయ్యి ప్రయత్నాలకు 224 హిట్లు). స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ ఔట్ కావడం) 1,625, ఆ ఏడు మొత్తం మేజర్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. జూన్ 18 నాటికి డివిజన్‌లో పది ఆటల ఆధిక్యం ఉండేది, నెల తిరిగేసరికి అది మొత్తం కరిగిపోయింది.

ఇందులో మైదానం పాత్ర కూడా ఉంది. 1999లో తెరిచిన, ఇప్పుడు టీ-మొబైల్ పార్క్ అని పిలుస్తున్న ఆ స్టేడియం సముద్రమట్టానికి దగ్గరగా, ఇలియట్ అఖాతం పక్కన ఉంటుంది. ఏప్రిల్, మే సాయంత్రాల్లో చల్లగా, చిక్కగా ఉండే గాలిలో బంతి దూరం పోదు. 1,600 మీటర్ల ఎత్తున పలచటి గాలిలో ఉన్న డెన్వర్ మైదానానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. పిచ్చర్లకు ఇది వరం. బ్యాటర్లకు శిక్ష, దాని దెబ్బ స్కోర్లతో ఆగదు. గణాంకాలు తగ్గితే తరవాతి ఒప్పందం విలువ తగ్గుతుందని తెలిసిన బ్యాటర్లు స్వేచ్ఛా మార్కెట్‌లో సియాటిల్‌ను ఎంచుకోవడానికి తటపటాయిస్తారు. అందుకే ఈ జట్టుకు మంచి బ్యాటర్ కావాలంటే తామే పెంచుకోవాలి, లేదంటే మరో జట్టు నుంచి మార్పిడి చేసుకోవాలి.

2025 జూలైలో చేసిన పని

ప్రతి ఏడూ జూలై చివర్లో మార్పిళ్ళకు గడువు ముగుస్తుంది. ఆ గడువు దగ్గర పడేకొద్దీ జట్లు రెండుగా చీలతాయి. పోటీలో ఉన్నవి అనుభవజ్ఞులను కొంటాయి, ఆశ వదులుకున్నవి వారిని ఇచ్చి కింది స్థాయిలో ఎదుగుతున్న కుర్రవాళ్ళను తీసుకుంటాయి. కొనే జట్టు చెల్లించే ధర డబ్బు కాదు, రేపటి ఆటగాళ్ళు.

2025 జూలైలో ఆరిజోనా నుంచి సియాటిల్ ఇద్దరిని తెచ్చుకుంది. మొదటి బేస్ (పరుగు కోసం బ్యాటర్ వరసగా తాకవలసిన నాలుగు స్థానాల్లో తొలిది) కాపలాకు జాష్ నేలర్, మూడో బేస్‌కు యూహేనియో సువారెజ్. సువారెజ్ కొత్తవాడు కాదు, 2022, 2023లో ఇదే జట్టుకు ఆడి, 2023 నవంబర్‌లో ఇదే ఆరిజోనాకు మార్పిడి అయినవాడు. ఖర్చు తగ్గించుకోవడానికి వదులుకున్న ఆటగాణ్ణి రెండేళ్ళకు కుర్ర ఆటగాళ్ళను ఇచ్చి వెనక్కు తెచ్చుకోవలసి వచ్చింది. 2024లో ఒకే ఒక్క ఆట తక్కువై బయట మిగిలిన జట్టు విషయంలో ఆ పాత నిర్ణయం ఎంత ఖరీదు పడిందో చెప్పడం కష్టం కాదు.

నేలర్ రాక మరో రకంగా పనికొచ్చింది. స్ట్రైకౌట్లతో నలిగిపోతున్న బ్యాటింగ్ వరసలో బంతికి బ్యాటు తగిలించే మనిషి అతడు. భారీ శరీరం, మామూలు వేగం ఉన్నా పిచ్చర్ కదలికలను చదివి బేస్‌లు దొంగిలించడంలో (బంతి వేస్తుండగానే తరవాతి బేస్‌కు పరుగెత్తడంలో) ఆ ఏడు రెండు జట్లకూ కలిపి 30 అంకె చేరాడు.

కాల్ రాలీ సంగతి మాత్రం ఏ ప్రణాళికలోనూ ఇమిడేది కాదు. 2018 మూడో రౌండ్‌లో తీసుకున్న ఈ క్యాచర్ 2025లో 60 హోమ్ రన్లు కొట్టాడు. క్యాచర్ అంటే ప్రతి బంతికీ మోకాళ్ళ మీద కూచుని లేచేవాడు, పిచ్చర్‌తో పాటు ఆటను నడిపేవాడు. ఆ స్థానంలో అంతకు ముందు రికార్డు 2021లో సాల్వడోర్ పెరెజ్ కొట్టిన 48. రెండు చేతులతోనూ బ్యాటింగ్ చేసేవారిలో 1961 నుంచి నిలిచిన మికీ మాంటిల్ 54ను, జట్టు చరిత్రలో కెన్ గ్రిఫీ జూనియర్ 56ను కూడా ఒకే సీజన్‌లో దాటేశాడు. 60వది సెప్టెంబర్ 24న, డివిజన్ టైటిల్ ఖాయమైన రాత్రే వచ్చింది. హూలియో రోడ్రీగెజ్ కూడా హోమ్ రన్లలోనూ బేస్ దొంగతనాల్లోనూ 30 గీత అందుకున్నాడు.

బ్యాటింగ్ 90 పరుగులు పెరిగింది, ఇచ్చిన పరుగులు కూడా 87 పెరిగాయి. కర్బీ భుజం నొప్పితో సీజన్ ఆలస్యంగా మొదలుపెట్టాడు, గిల్బర్ట్, మిల్లర్ గాయాలతో వారాల తరబడి దూరమయ్యారు. ఐదుగురు స్టార్టర్ల మీద కట్టిన జట్టులో ముగ్గురు గాయపడిన ఏడే డివిజన్ గెలవడం విచిత్రంగా కనిపించవచ్చు. నిజానికి జట్టు కూర్పులో లోతు అంటే ఇదే: ఒక స్తంభం వంగితే ఇంకొకటి బరువు మోయాలి. 2024లో ఆ రెండో స్తంభం లేదు.

అక్టోబర్‌లో లెక్క ఎందుకు మారుతుంది?

162 ఆటల్లో ఐదో స్టార్టర్, పదమూడో పిచ్చర్ కూడా ముఖ్యమే. ప్లేఆఫ్స్‌లో విరామ దినాలు ఎక్కువ కనుక ముగ్గురు, నలుగురు స్టార్టర్లతో నెట్టుకు రావచ్చు, చివరి పిచ్చర్లను రోజు విడిచి రోజు వాడవచ్చు. మంచి స్టార్టర్లున్న జట్టుకు ఇది లాభమని అందరూ అనుకుంటారు. కానీ ఒక్క పొడవైన ఆట ఆ లాభాన్ని తినేయగలదు.

అక్టోబర్ 10న డెట్రాయిట్‌తో డివిజన్ సిరీస్ ఐదో ఆట 15 ఇన్నింగ్స్ సాగింది. డెట్రాయిట్ స్టార్టర్ తారిక్ స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు. హోర్హే పొలాంకో కొట్టిన దెబ్బతో 3-2గా సియాటిల్ బయటపడింది. అయితే మామూలుగా ఆట మొదలుపెట్టే గిల్బర్ట్, కస్తీయో ఇద్దరినీ ఆ రాత్రి మధ్యలో వాడేయవలసి వచ్చింది. బ్రయన్ వూ ఛాతీ కండరం నొప్పితో ఆ సిరీస్‌కే దూరం. రెండు రోజుల తరవాత టొరంటోలో లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ మొదలైతే మిల్లర్ మూడు రోజుల విశ్రాంతితోనే బరిలోకి దిగాడు. టొరంటో తొలి బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ మొదటి బంతినే హోమ్ రన్‌గా మలిచాడు. అయినా మిల్లర్ ఆరు ఇన్నింగ్స్‌లో ఇంకో పరుగు ఇవ్వలేదు. ఆ ఆట 3-1, తరవాతిది 10-3 గెలిచి సియాటిల్ సొంతూరికి వచ్చింది.

సొంత మైదానంలో సీజన్‌లో 51 గెలిచి 30 ఓడిన జట్టు, అక్కడే 13-4, 8-2 తేడాలతో రెండు ఆటలు కోల్పోయింది. అలసట పేరుకుపోయిన పిచ్చర్ల మీద వరసగా మూడోసారి, నాలుగోసారి అదే బ్యాటర్లు వస్తే జరిగేది అదే. ఐదో ఆటలో సువారెజ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌ల మీదా తనవాళ్ళుండగా కొట్టే నాలుగు పరుగుల హోమ్ రన్) కొట్టి 6-2తో ఊపిరి పోశాడు. ఆరోది 6-2తో టొరంటోది.

అక్టోబర్ 20న ఏడో ఆట. ఆరు ఇన్నింగ్స్ ముగిసేసరికి సియాటిల్ 3-1 ముందుంది. కోలుకుని తిరిగొచ్చిన వూ ఐదు, ఆరు ఇన్నింగ్స్‌లు శుభ్రంగా వేశాడు. ఏడో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్‌కు వాక్ (నాలుగు బాళ్ళు పడితే ఉచితంగా దక్కే మొదటి బేస్) ఇచ్చాడు, రెండోవాడు సింగిల్ కొట్టాడు. తరవాతివాడు బంట్ చేసి (బంతిని బ్యాటుతో మెల్లగా తాకించి) ఇద్దరినీ ఒక్కో బేస్ ముందుకు జరిపాడు. ఒకరు ఔట్. ఇంకా ఎనిమిది ఔట్లు తీస్తే, 1977లో పుట్టిన జట్టు మొదటిసారి వరల్డ్ సిరీస్ ఆడుతుంది. మేనేజర్ డాన్ విల్సన్ ఎడ్వర్డ్ బజార్డోను పిలిచాడు. జట్టులో అత్యంత నమ్మకమైన ముగింపు పిచ్చర్ ఆండ్రెస్ మున్యోజ్‌ను ఆ క్షణాన పిలవలేదు. ఎదురుగా స్ప్రింగర్. మూడు పరుగుల హోమ్ రన్. 4-3.

ఈ నిర్ణయం మీద వాదన ఇప్పటికీ ఆగలేదు. సాధారణ సీజన్ అలవాటు ప్రకారం ముగింపు పిచ్చర్‌ను ఎనిమిది, తొమ్మిది ఇన్నింగ్స్ కోసం దాచుకుంటారు, ఎందుకంటే రేపు ఇంకో ఆట ఉంటుంది. ఏడో ఆటకు రేపు లేదు. ఆట తలకిందులయ్యే క్షణం ఏడో ఇన్నింగ్స్‌లోనే వస్తే, ఉన్నవారిలో మొదటివాణ్ణి అప్పుడే పిలవాలన్న వాదనే బలంగా కనిపిస్తుంది. బజార్డో ఆ ఏడంతా అలాంటి సందర్భాల్లో బాగా నెట్టుకొచ్చినవాడన్నదీ నిజమే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రోడ్రీగెజ్ స్ట్రైకౌట్ కావడంతో ఆట ముగిసింది. తరవాతి వంతు కోసం బ్యాటు పట్టుకుని నిలబడి ఉన్నది రాలీ.

శాతాలను ఎలా చదవాలి?

సీజన్ నడుస్తున్నంత కాలం ప్రచురితమయ్యే ప్లేఆఫ్ శాతాలు మిగిలిన ఆటలను కంప్యూటర్ మీద వేలసార్లు ఆడించి చూసిన లెక్కలు. ప్రతి ఆటగాడి అంచనా ప్రదర్శన, ఎదుటి జట్టు బలం, మైదానం అందులోకి వెళతాయి. 70 శాతం అంటే ప్రవేశం ఖాయమని కాదు, అలాంటి పరిస్థితిలో ఉన్న పది జట్లలో మూడు బయట మిగులుతాయని. 2024 ఆగస్టులో డెట్రాయిట్ అవకాశం ఒక శాతం కన్నా తక్కువగా కనబడింది, ఆ జట్టు 86 గెలిచి లోపలికి వెళ్ళింది. సియాటిల్ 85తో ఆగింది.

ఈ లెక్కలు పట్టుకోలేనివి రెండు. జూలైలో యాజమాన్యం ఎవరిని కొంటుందన్నది ముందే తెలియదు. స్టార్టర్ మోచేయి ఏ రోజు వాస్తుందన్నదీ తెలియదు. 2021 నుంచి 2025 దాకా సియాటిల్ గెలుపులు ఏటా 85 నుంచి 90 మధ్యలోనే తిరిగితే, ఆ ఐదు ఆటల వెడల్పులోనే మూడు రకాల గతులూ ఇమిడి ఉన్నాయి.

కూర్పుకు ఉన్న గడువు

మేజర్ లీగ్‌లో ఆరేళ్ళ సేవ పూర్తయ్యేదాకా ఆటగాడు తొలి జట్టు చేతిలోనే ఉంటాడు. మొదటి మూడేళ్ళు జీతం కనిష్ఠానికి దగ్గరగా, తరవాతి మూడేళ్ళు మధ్యవర్తుల తీర్పు మీద పెరుగుతూ ఉంటుంది. డ్రాఫ్ట్‌లో దొరికిన పిచ్చర్లతో జట్టు కట్టడం చౌకగా కుదిరింది ఇందువల్లే, ఆ చౌకకు గడువు పడేదీ ఇందువల్లే.

రాలీ 2025 మార్చిలో ఆరేళ్ళకు 10.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు, రోడ్రీగెజ్‌ది అంతకన్నా పొడవైనది. 2025 సీజన్ ముగియగానే నేలర్‌ను ఐదేళ్ళకు 9.25 కోట్ల డాలర్లకు నిలుపుకున్నారు. మైదానానికి భయపడి బ్యాటర్లు రారన్న జట్టులో ఇది చిన్న సంగతి కాదు. పొలాంకో మాత్రం న్యూయార్క్ మెట్స్‌కు వెళ్ళిపోయాడు. డెట్రాయిట్ మీద 15వ ఇన్నింగ్స్‌లో ఆట ముగించిన బ్యాటు స్థానంలో ఇంకొకరు ఆ పరుగులు తేవాలి.

పిచ్చర్ల వైపు కాలం మరింత దగ్గరగా కదులుతోంది. గిల్బర్ట్ 2027 సీజన్ తరవాత, కర్బీ 2028 తరవాత స్వేచ్ఛగా ఏ జట్టుకైనా వెళ్ళవచ్చు. వూ, మిల్లర్ వారి తరవాతి ఏడాది. ఈ నలుగురూ కలిసి సియాటిల్ చొక్కాతో ఆడగలిగే సీజన్లు ఖాయంగా మిగిలినవి 2026, 2027 రెండే.